మేనల్లుడు ఉలి పట్టాడు

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రం సత్తెనపల్లి నుంచి అక్క ఫోన్ చేసింది. పిల్లాడు పాసయ్యాడని చెప్పడానికే అనుకున్నాను. పాసయ్యాడు, మార్కులూ బాగానే వచ్చాయి. అక్క గొంతు మాత్రం ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేనట్టుంది.

"ఒరేయ్, వీడు ఇంటర్లో చేరడంట. వడ్రంగం నేర్చుకుంటాడంట. షాపులకు అరలూ, కౌంటర్లూ చేసే పని. మన ఇంటావంటా ఉందా చెప్పు? నువ్వొచ్చి నాలుగు చీవాట్లు పెట్టిపో."

మేనమామ అన్నాక ఇలాంటి డ్యూటీలు తప్పవు. ఆదివారం పొద్దున్నే గుంటూరులో బస్సెక్కాను. (సత్తెనపల్లి 2022 ఏప్రిల్లో పల్నాడు జిల్లాలోకి వెళ్లింది. అయినా మా నోటికి ఇంకా గుంటూరు జిల్లా అనే వస్తుంది. అలవాటు.)

అసలు సంగతి ఏమిటంటే, వేసవి సెలవుల్లో వాళ్లింటి ఎదురుగా ఒక బట్టల కొట్టు తయారైంది. ఖాళీ గోడల గది ఇరవై రోజుల్లో అద్దాలు, అరలు, దీపాలతో పెళ్లిమండపంలా మారిపోయింది. మావాడు ఆ ఇరవై రోజులూ అక్కడే నిలబడ్డాడు. మొదట చూశాడు, తర్వాత మేకులు అందించాడు, ఆఖర్న భోజనానికి కూడా ఇంటికి రాలేదు. అక్క భయం అక్కడ మొదలైంది.

చీవాట్ల కార్యక్రమం మొదలుపెట్టాను. "ఎందుకురా ఈ పని?" అన్నాను. వాడు తలొంచుకుని, "సాయంత్రానికి ఏం చేశామో కనిపిస్తది మావయ్యా" అన్నాడు. ఇరవై ఆరేళ్లుగా ఆఫీసులో కాగితాలు తిప్పుతున్నవాణ్ణి నేను. దీనికి ఏం జవాబు చెప్పను? అక్క వంక చూశాను. అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ బట్టల కొట్టు పని చేయించిన మేస్త్రిని కలవడానికి వెళ్తే ఇంకో విచిత్రం. ఆయన మా ఊరి వడ్రంగి కొడుకే. మా నాన్నకు నాగళ్లు, గొర్రు, గుంటక చేసిపెట్టింది వాళ్ల నాన్న. వైశాఖం వచ్చిందంటే ఆయన ఇంటి ముందు వేపచెట్టు కింద రైతులు బారులు తీరేవాళ్లు. ఏరువాక లోపు అందరి పనిముట్లూ బాగుచేయాలి. డబ్బులిచ్చేది లేదు. పంట కల్లానికి వచ్చినప్పుడు వడ్రంగి మేర అని జొన్నలు కొలిచి ఇచ్చేవాళ్లు. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ వెనక పత్తి వచ్చింది, దాని వెనక ట్రాక్టరు వచ్చింది. నాగలి అటకెక్కింది. మేర ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ గుర్తులేదు, ఎవరూ ఆపమని చెప్పలేదు కూడా. భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో 1962లో వచ్చిన వ్యవసాయ వృత్తి పదకోశం తిరగేస్తే నాగలి భాగాలకే ఎన్నెన్ని పేర్లో. వాటిలో సగం మా మేనల్లుడికి తెలియవు. నిజం చెప్పాలంటే నాకూ తెలియవు.

వేపచెట్టు కింద పనిలేక మేస్త్రి హైదరాబాదు వెళ్లాడు. అక్కడి నుంచి దుబాయ్ వెళ్లి నాలుగేళ్లు హోటళ్లకూ, దుకాణాలకూ చెక్కపని చేశాడు. జర్మనీలో పని నేర్చుకున్న వడ్రంగులు కొందరు ఇప్పటికీ మూడేళ్ల ఒకరోజు పాటు దేశం తిరుగుతారు. ఆ కాలమంతా సొంతూరికి 50 కిలోమీటర్ల లోపలికి రాకూడదని నియమం. నల్లటి దుస్తులు, వెడల్పు పాంట్లు, తలమీద టోపీ. మేస్త్రికి ఈ కథ చెబితే నవ్వి, "మాకు టోపీ ఇవ్వలేదండీ, అంతే తేడా" అన్నాడు.

మావాణ్ణి చేర్చుకోవడానికి ఆయన వెంటనే ఒప్పుకోలేదు. రెండు షరతులు పెట్టాడు. పద్దెనిమిదేళ్లు నిండేదాకా కోత మిషను ముట్టుకోకూడదు. మొదటి ఆరు నెలలు ఉలీ, చిత్రికా, చేతిరంపంతోనే పని. "ఇప్పుడు అంతా ప్లైవుడ్డే కదండీ, చిత్రిక ఎందుకు?" అన్నాను. "ప్లైవుడ్డు కోయడం నెలలో వచ్చుద్ది. చేతికి కర్ర తెలియాలిగా" అన్నాడు.

మిషను సంగతి ఆయన ఊరికే అనలేదు. మన దగ్గర చాలామంది రాళ్లు కోసే చిన్న కట్టరుకు చెక్క కోసే పళ్ల బ్లేడు తగిలించి వాడుతుంటారు. కాపు తీసేస్తారు. అది ఒక్కసారి ఎగిరిందంటే వేలు వెనక్కి రాదు. మేస్త్రి ఎడమచేతి చూపుడు వేలు సగమే ఉంది. అక్క ఆ వేలు చూడకుండా ఉంటే బాగుండునని నేను అనుకున్నాను. ఆమె మొదట చూసిందే అది.

రంపప్పొట్టు ఇంకో శత్రువు. కర్ర దుమ్ము కాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. మాస్కు ఖరీదు ఒక సినిమా టికెట్టంత ఉండదు. అయినా ఎన్ని షెడ్లలో కనిపిస్తుంది చెప్పండి? మావాడికి నేనే డబ్బా కొనిచ్చాను. మొదటివారం మిగతా కుర్రాళ్లు వాణ్ణి "డాక్టర్ గారూ" అని పిలిచారట.

మా బావ బాధ వేరు. "నేర్చుకోనీ. కానీ కాగితం ఏదీ?" అన్నాడు. ఆ మాటలో న్యాయముంది. ఐటీఐలో కార్పెంటర్ ట్రేడు ఏడాది కోర్సు, ఎనిమిది పాసైతే చాలు. చివర్న జాతీయ స్థాయి సర్టిఫికెట్ ఇస్తారు. మరి 1961 అప్రెంటిస్ చట్టమో? శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇవ్వాలంటుంది. 2019లో సవరించిన నిబంధనల్లో చదువును బట్టి నెలకు కనీసం 5,000 నుంచి 9,000 రూపాయల దాకా నిర్ణయించారు. చదవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. అయితే అదే సవరణ ప్రకారం 30 మంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసేచోటే అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్నచోట యజమాని ఇష్టం. మా మేస్త్రి రేకుల షెడ్డులో ఆయనతో కలిపి ముగ్గురు. ఈ దేశంలో వడ్రంగం నేర్చుకునే పిల్లల్లో ఎక్కువమంది ఇలాంటి రేకుల కిందే నేర్చుకుంటారని నా నమ్మకం. చట్టం వాళ్ల గుమ్మం దాకా వచ్చి, తలుపు తట్టకుండానే వెళ్లిపోతుంది.

మాకు అందుబాటులో ఉన్నచోట ఆ ట్రేడు దొరకలేదు. దాంతో మధ్యేమార్గం కుదిరింది. పగలు మేస్త్రి దగ్గర పని, సార్వత్రిక విద్యాపీఠంలో ఇంటర్. బావ సంతకం పెట్టాడు. అక్క పెట్టలేదు, అన్నం మాత్రం కారేజీలో పెట్టింది.

మొదటి మూడు నెలలు వాడు చేసిందల్లా ఉలికి పదును పెట్టడం, పనికిరాని టేకు ముక్కలకు బెజ్జాలు తొలవడం. సానరాయి మీద అటూ ఇటూ, అటూ ఇటూ. ఉలి అంచు ముంజేతి వెంట్రుకల్ని గొరగాలి. లేకపోతే మళ్లీ మొదటికి. వాడి ఎడమ ముంజేతి మీద వెంట్రుకలు లేవని అక్క కంగారుపడి ఫోన్ చేసింది.

తర్వాత లెక్కలు వచ్చాయి. మేస్త్రి షెడ్డు గోడనిండా పెన్సిలు అంకెలే. ప్లైవుడ్డు షీటు ఎనిమిది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. దాన్నుంచి అడుగు వెడల్పు పలకలు నాలుగు వస్తాయా? మీరూ నేనూ వస్తాయనే అంటాం. రావు. రంపం పోయిన చోటల్లా మూడు మిల్లీమీటర్ల దాకా పొట్టయిపోతుంది, మూడు కోతలకు తొమ్మిది. ఇక గోడలు. ఏ దుకాణంలోనూ మూల సరిగ్గా మూలమట్టానికి రాదట. మూలనుంచి ఒక గోడ వెంట మూడడుగులు, రెండో గోడ వెంట నాలుగడుగులు గుర్తుపెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య కొలిస్తే అయిదడుగులు రావాలి. రాకపోతే గోడ మోసం చేసినట్టు. పైథాగరస్ సిద్ధాంతం పరీక్షలో రాసి మరిచిపోయిన మావాడు, దాన్ని మందుల షాపులో టేపు పట్టుకుని నాకు నేర్పాడు.

ఆ మందుల షాపులోనే దెబ్బ తగిలింది. నాలుగడుగుల బీరువాలో లోపలి అర నాలుగడుగులు ఉండదు. రెండు పక్కల 18 మిల్లీమీటర్ల చెక్కలుంటాయి కాబట్టి 36 మిల్లీమీటర్లు, అంటే దాదాపు అంగుళంన్నర తగ్గించాలి. మేస్త్రి తగ్గించే గోడమీద కొలత రాశాడు. మావాడు దాన్నే బయటి కొలత అనుకుని మళ్లీ తగ్గించి గీతలు గీశాడు. ఆ గీతల ప్రకారం పెద్దకుర్రాడు కోసేశాడు. ఎనిమిది అరలు. ఒక షీటు. బిగించబోతే ఒక్కటీ ఆనలేదు. షాపు యజమాని నిలబడి చూస్తున్నాడు, దసరాకి ప్రారంభం పెట్టుకున్నాడు.

మావాడు చెప్పకుండా ఇంటికొచ్చేశాడు. రెండు రోజులు మంచం దిగలేదు. ఆ మూడు నెలల నుంచీ అక్క ఎదురుచూస్తున్న అవకాశం అదే. కాలేజీలో ఇంకా సీట్లున్నాయని కనుక్కుంది కూడా. మూడో రోజు పొద్దున మేస్త్రి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "అమ్మా, నేను దుబాయ్‌లో పదహారు తలుపులు పొట్టిగా కోశాను. జీతం కోశారు. నేను కోయను. వాణ్ణి ఒకసారి పంపండి, ఆ అరలతో పనుంది" అన్నాడు.

అక్క ఏమీ అనలేదు. లోపలికెళ్లి కారేజీ కట్టింది. ఆ సంగతి నాకు బావ చెప్పాడు, అక్క ఇప్పటికీ చెప్పదు.

పొట్టి పలకలు కౌంటరు కింద సొరుగులయ్యాయి. ఆ సొరుగులు కోయాల్సిన షీటునుంచి అరలు వచ్చాయి. మావాడు గీసి, మేస్త్రి సరిచూసి, అప్పుడు కోశారు. ఇప్పటికీ ఆ షాపులో చిల్లర తీసే సొరుగు అదే. అటు వెళ్లినప్పుడల్లా మావాడు దగ్గుమందు అవసరం లేకపోయినా కొంటాడని అనుమానం.

ఇదంతా జరిగి రెండేళ్లయింది. వాడిప్పుడు శనివారం శనివారం బత్తా తెచ్చి తల్లి చేతిలో పెడుతున్నాడు. పద్దెనిమిది నిండాక మిషను ముట్టుకున్నాడు, కాపు బిగించి. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో మేస్త్రి పేరు నమోదు చేయించింది కూడా వాడే. పనిముట్లకు 15,000 రూపాయలు, అయిదు శాతం వడ్డీకి మొదట లక్ష దాకా అప్పు ఇస్తారని విని ఆధార్ కార్డు పట్టుకుని తిరిగాడు. సొంతంగా పనిచేసుకునే వాళ్లకే కాబట్టి తనకు ఇంకా టైముంది.

మొన్న సంక్రాంతికి మా ఇంటికొచ్చాడు. పోయినేడాది ముచ్చటపడి కొన్న డైనింగ్ టేబులు చూపించాను, అచ్చమైన టేకు అని. వాడు కుర్చీ లాగి కూర్చోకుండా, వంగి, టేబులు అడుగున చెయ్యి పెట్టి అంచు తడిమాడు. లేచి నా వంక ఒకసారి, వాళ్లత్త వంక ఒకసారి చూశాడు.

"ఎంతకి కొన్నారు మావయ్యా?"

చెప్పాను.

"పైన టేకేలే" అన్నాడు.