హోటల్ బల్ల దగ్గర మన నడవడిక

కరీంనగర్, ఆదిలాబాద్ వంటి పట్టణాల్లో కుటుంబమంతా కలిసి హోటల్‌లో భోజనం చేయడం నేడు సాధారణమైపోయింది. గల్ఫ్ నుంచి సెలవుపై వచ్చిన తండ్రి భార్యాబిడ్డలకు ఒక పూట బయట తినిపించాలని ముచ్చటపడతాడు. ఇందులో తప్పేమీ లేదు. దైవప్రసన్నత కోరి ఇంటివారిపై చేసే ఖర్చు సైతం దానమేనని దైవప్రవక్త (స) బోధించారు. అయితే ఆ బల్ల దగ్గర మన నడవడిక ఎలా ఉంటున్నదో ఆలోచించుకోవాలి.

మల్టీ క్యూజిన్ హోటల్‌లో మెనూ తెరిస్తే బిర్యానీ, తందూరీ, నూడుల్స్, మండి అన్నీ కనిపిస్తాయి. నలుగురూ నాలుగు రకాలు కోరుకుంటారు. కడుపు నిండిన తరువాత సగం వంటకాలు బల్లపైనే మిగిలిపోతాయి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 29 కోట్ల టన్నులు హోటళ్లు, క్యాంటీన్ల వంటి చోట్ల పారవేసినదే. తినడానికి, తాగడానికి అనుమతినిచ్చిన అల్ ఆరాఫ్ సూరాలోని 31వ ఆయతే మితిమీరడాన్ని కూడా నిషేధించింది. బిల్లు చెల్లించినంత మాత్రాన ఆహారాన్ని పారవేసే హక్కు మనకు రాదు. పరాయి దేశపు ఎండలో చెమటోడ్చి సంపాదించిన సొమ్మే ఆ పళ్లెంలో మిగిలిపోతున్నదని పిల్లలకు తెలియజెప్పాలి.

దీనికి మార్గం ఆ మెనూలోనే ఉంది. మండి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతపు వంటకం. నిజాం కొలువులోని అరబ్బు సైనికుల వంశీయులు నివసించే హైదరాబాద్‌లోని బార్కస్ దీనికి పేరుపొందింది. ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చొని, ఎవరి ముందున్నది వారు తింటారు. ఇద్దరి భోజనం ముగ్గురికి సరిపోతుందన్న ప్రవక్త (స) బోధన అక్కడ అనుభవంలోకి వస్తుంది. ఏ వంటకమైనా ముందు కొద్దిగా తెప్పించుకొని, చాలకపోతే మళ్లీ అడగవచ్చు. మిగిలినది ఇంటికి కట్టించుకోవడం నామోషీ కాదు. మాంసం హలాల్‌దేనా అని మర్యాదగా అడగడానికి కూడా బిడియపడనక్కరలేదు.

ఇక వడ్డించే యువకుని సంగతి. మన జిల్లాల బిడ్డలు ఎందరో గల్ఫ్ హోటళ్లలో, వంటశాలల్లో పనిచేస్తున్నారు. అక్కడ ఎవరైనా వారిని చిటిక వేసి పిలిస్తే మన మనసు ఎంత నొచ్చుకుంటుంది! ఇక్కడ మనకు మంచినీళ్లు తెచ్చే యువకుడు కూడా ఒక తల్లి బిడ్డే. వంట చేసి తెచ్చిన సేవకుడు పొయ్యి సెగను భరించాడు కనుక అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవాలని, వీలుకాకపోతే ఒకటి రెండు ముద్దలైనా ఇవ్వాలని దైవప్రవక్త (స) ఉపదేశించారు. హోటల్‌లో అతణ్ణి మన పక్కన కూర్చోబెట్టుకోలేకపోవచ్చు. "బాబూ" అని పిలవగలం, కృతజ్ఞత చెప్పగలం, వీలైతే అతని చేతికి కొంత సొమ్ము ఇవ్వగలం. ప్రవక్త (స) ఏనాడూ భోజనానికి వంక పెట్టలేదు. నచ్చితే తినేవారు, లేకుంటే మానేవారు. ఉప్పు ఎక్కువైతే నెమ్మదిగా చెప్పవచ్చును గాని, నలుగురిలో అతణ్ణి కించపరచడం తగదు.

పిల్లలు మన ఉపన్యాసాలను మరచిపోవచ్చు. వడ్డించిన వానితో తండ్రి మాట్లాడిన తీరును మాత్రం మరచిపోరు. అల్లాహ్ మన ఉపాధిలో శుభాన్ని, మన నడవడికలో వినయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.