మద్యవ్యసన విముక్తి: వైద్యుడు, శరణాలయము, గృహము

మద్యమునకు బానిసయైన వానిని చూచి "మనసుండిన మానలేడా?" అని నిందించుట మన సంఘమున పరిపాటి. ఈ నింద న్యాయమైనది కాదు. చిరకాలము మితిమీరి త్రాగిన వాని మెదడు మద్యమునకు అలవాటుపడి, అది లేనిచో తన పని సక్రమముగా చేసికొనజాలని స్థితికి వచ్చును. ఇది వ్యాధి. వ్యాధిగ్రస్తునకు ముందు చికిత్స, పిదప ఆశ్రయము కావలెను.

ఈ రెండును దేశమున ఎందరికి లభించుచున్నవి? కేంద్ర సాంఘిక న్యాయ మంత్రిత్వశాఖ 2019లో ప్రకటించిన సర్వేక్షణ ప్రకారము, మద్యమునకు బానిసలైన 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో యొక సహాయము అందినది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందిలో ఒక్కరు. ఇంతటి కొరతను ప్రభుత్వ మొక్కటియే తీర్చజాలదు. కావున ధార్మిక సంస్థలు నడుపు శరణాలయములను చిన్నచూపు చూడక, వాని సేవను గుర్తించి, సరియైన మార్గమున నడపించుట మేలని నా అభిప్రాయము.

బొంబాయి నగరమున బాంద్రాలోని మౌంట్ కార్మెల్ చర్చి ఆశ్రయమున 1981లో ఫాదర్ జోసెఫ్ పెరీరా స్థాపించిన కృపా ఫౌండేషన్ ఇట్టివానిలో ఒకటి. 1935లో అమెరికాలో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ వారి 12 మెట్ల పద్ధతికి ఆయన అయ్యంగార్ యోగాభ్యాసమును జోడించెను. చర్చి నీడన పుట్టిన సంస్థ యోగాసనములను ఆదరించుట గమనింపదగిన విషయము.

ఆసుపత్రిలో కొలది దినములు గడిపినచో శరీరము తేరుకొనును. కాని రోగి మరలిపోవునది ఆ వీధికే, ఆ మిత్రుల నడుమకే. కూలి డబ్బు చేతబడిన సాయంకాలము వానికి అగ్నిపరీక్ష. శరణాలయము ఈ నడిమి కాలమును దాటించును. వేళకు నిద్ర, భోజనము, పని, ప్రార్థన అచ్చట నియమములు. అన్నిటికన్న మిన్న, తనవలెనే పడి లేచినవారి సాంగత్యము. వారి యెదుట అబద్ధమాడ నవసరము లేదు, ఆడినను చెల్లదు. జన్మాంతము మానెదనని ప్రతిన పూనుటకు బెదరువాడు, నేటికి మాత్రము త్రాగనని అచ్చట నేర్చుకొనును. అట్టి దినములే కూడి సంవత్సరములగును.

అయినను ప్రార్థన ఔషధమునకు తోడు కావలెనే గాని బదులు కారాదు. అధికముగా త్రాగువాడు హఠాత్తుగా మానినచో, రెండు మూడు దినములలో వణకు, మూర్ఛలు, మతిభ్రమ కలుగవచ్చును, ప్రాణాపాయమును సంభవింపవచ్చును. కావున తొలి దినములు వైద్యుని పర్యవేక్షణలోనే గడుపవలెను. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా సమీపమున ఉన్న ఒక శరణాలయమునకు నిప్పంటుకొనగా, గొలుసులతో బంధింపబడిన మానసిక రోగులు తప్పించుకొనజాలక 28 మంది మరణించిరి. భక్తి పేర వైద్యమును, మానవ గౌరవమును విడిచిన ఫలితమట్లుండును. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము గొలుసులతో బంధించుటను నిషేధించినది. మద్యవ్యసనమువలన కలుగు మానసిక రుగ్మతలును ఆ చట్టము పరిధిలోనివే.

కాబట్టి మీవారిని శరణాలయమున చేర్చుటకు పూర్వము కొన్ని సంగతులు విచారింపుడు. వైద్యుడు వచ్చుచున్నాడా? బంధనము, దండన కలవా? కుటుంబమువారు చూచుటకు అనుమతి కలదా? మతము మార్చుకొనుమని ఒత్తిడి చేయుదురా? వీనిలో ఏ యొక్కదానికి సమాధానము సంతృప్తికరముగా లేకున్నను వేరొక చోటు వెదకుడు.

తిరిగి వచ్చినవానిని గత దోషములెత్తి దెప్పరాదు. అట్లని భార్యాబిడ్డలు పడిన బాధలను మరువుమనుటయు న్యాయము కాదు. వారి నమ్మకమును అతడు క్రమక్రమముగా సంపాదించుకొనవలెను. మరల ఒకనాడు త్రాగినచో సర్వము పోయినదని నిరాశ చెందక, ఆనాడే వైద్యుని వద్దకు గొనిపోవలెను. సలహాకై 14446 అను జాతీయ ఉచిత టెలిఫోను నెంబరు కలదు. సిగ్గుచే వ్యాధిని దాచుటకంటె, తలుపు తట్టి సహాయ మడుగుట మేలు.