సుకుమారం ఎవరి సొత్తు?

మన వాడల్లో ముసలమ్మ చనిపోతే గోడకు పెట్టుకునేందుకు ఫొటో ఉండదు. ఆధార్ కార్డు మీది బొమ్మనే మండలానికి తీసుకుపోయి పెద్దది చేయించుకొస్తం. బెదిరినట్టు చూస్తుంటదామె. అరవై ఏండ్ల బతుకుకు మిగిలిన ముఖం అది. అందుకే ఈసారి నీటిరంగుల బొమ్మల గురించి మాట్లాడుతున్నాం. 'తిండికి లేనోళ్లకు బొమ్మలెందుకు' అనే అన్నలు కొంచెం ఓపిక పట్టాల.

తెలుగునాట ఆడమనిషిని నీటిరంగుల్లో ఎంతో మెత్తగా గీసినవాళ్లున్నారు. రాజమండ్రి దామెర్ల రామారావు (1897–1925) మశూచితో చిన్నవయసులోనే పోయాడు. ఆయన బొమ్మలు ఆ ఊరి గ్యాలరీలో ఉన్నాయి. 1921లో శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య 'చందమామ', 'యువ' పత్రికల ద్వారా ఇంటింటికీ తెలుసు. వాళ్ల చెయ్యి గొప్పది, కాదనం. వపా గీసిన వాలుకన్నులు చూసి మేమూ మురిసినోళ్లమే. కానీ ఆ సుకుమారం ఎక్కువగా ఎవరికి దక్కింది? పచ్చని చెంపకు, నగలకు, పూలజడకు. మనోళ్లనూ నీటిరంగుల్లో గీశారు లెండి, వాళ్లకంటే చాలా ముందే. కంపెనీ దొరల కోసం తంజావూరు వైపు చిత్రకారులు కులానికో జంట చొప్పున గీసి అమ్మారు. కింద కులం పేరు ఉంటది, ఆమె పేరు ఉండదు.

పలచగా వేసే నీటిరంగులో కాగితం తెలుపే వెలుగు. తెల్లటి చెంపకు ఒక పూత చాలు. నల్లటి ముఖానికి ఇటుక రంగు మీద నీలం, ఒకటి ఆరినంక ఇంకోటి వెయ్యాల. తడి మీద తొందరపడితే బురదైతది. చెమట మెరిసే చోట కాగితాన్ని ముందే వదలాల. అంటే కావలసింది ఎక్కువసేపు చూడటం. నల్లటోళ్లకు సుకుమారం రాదనేది చేతగానోడు చెప్పే మాట.

మనమూ తక్కువ తినలేదు. మన పోస్టర్లల్ల అమ్మ పిడికిలెత్తి ఉంటది, లేదంటే గుండె బాదుకుంటుంటది. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత ఆ బొమ్మలు కావాల్సి వచ్చినయి, ఇప్పుడూ కావాల. మరి బిడ్డ తలకు నూనె రాసే అమ్మను, పొయ్యికాడ ఒక్కతే కూచొని ఏదో తలుచుకొని నవ్వుకునే మనిషిని ఎవరు గీశారు?

దగ్గరితనం అంటే చెరువుకాడ చాటు నుంచి చూసి గీసేది కాదు. ఆమె ముందు కూచోవాల, అడగాల, పేరు రాయాల. వద్దంటే చించెయ్యాల.

మొన్న మా వాడలో బొమ్మలు నేర్చుకుంటున్న పిల్ల మేనత్తను గడపలో కూచోబెట్టింది. 'నల్లగ గియ్యకే కోడలా, బాగుండ' అన్నదామె. పిల్ల ఇనలేదు, నాలుగు పూతలు వేసింది. ఒక్కో పూతా ఆరేదాకా అత్త కదలకుండ, ఎన్నడూ లేంది, గంటన్నర ఏ పనీ ముట్టకుండ కూచున్నది.