ఇల్లు - వాకిలి: కంకర దారికి కట్ట

ఈ యేడు నారళీ పున్నమకు మార్కండేయుని రథోత్సవం చూడవచ్చిన చుట్టాలు మా వాకిలి చూచి, "ఎట్లా చేయించినారు?" అని అడిగినారు. వారికి చెప్పినదే ఈ నెల మీకూ చెబుతాను.

మా యింటి వెనుక మగ్గాల షెడ్డు, ముందర కంకర దారి వున్నవి. నూలు మూటలు రావలెనన్నా, తువ్వాళ్ళ కట్టలు పోవలెనన్నా అదే దారి. నిరుటి వానలకు దాని అంచురాళ్ళు పక్కలకు వాలిపోయినవి. కంకర సగం వీథి కాలువ పాలు, సగం మట్టి పాలు అయినది. ఒకనాడు బీము తెచ్చిన తోపుడుబండి చక్రం దిగబడి, బండి ఒరిగి, పడుగంతా బురద అయినది. ఆ నష్టం మాదే.

మేస్త్రీని పిలిస్తే, "ఇంకొక బండి కంకర పోస్తే సరి" అన్నాడు. పోయించినాము. గడప వద్ద కండెలు చుడుతున్న మా అత్తగారు చూచి, "కట్ట తెగిన చెరువుల నీళ్ళు పోస్తున్నవా బిడ్డా?" అన్నారు. రెండు వానలకే ఆమె మాట నిజమయినది.

సంగతేమంటే, మన షోలాపూరులో చాలచోట్ల నేల నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. కంకరను కొంచెం కొంచెంగా మింగుతుంది, అంచురాళ్ళను కదిలిస్తుంది. కనుక కంకర కొనుటకు ముందు మూడు పనులు కావలెను.

మొదటిది నీటి దారి. ఇంటి నుండి వీథివైపు 10 అడుగులకు 3 అంగుళాల వాలు పెట్టించండి. నీళ్ళు పొరుగువారి గడపకు పోరాదు సుమా!

రెండవది అడుగు. పాత కంకరను పారవేయక జల్లెడ పట్టి ఉంచుకొనండి. 6 అంగుళాల లోతు రేగడి తీసివేసి, మొరం రెండు వరుసలుగా పోసి, ఒక్కొక్క వరుసను తడిపి దిమ్మిసతో గట్టిగా కొట్టించండి.

మూడవది అంచు. విరిగిన షాబాదు బండలు చాలును. వాటిని నిలువుగా, సగానికి పైగా నేలలోనికి దించి, రెండు ప్రక్కల మొరం దట్టించవలెను. నాలుగైదు అడుగులకొక సందు వదలితే నీరు తులసి, మందార పాదులకు చేరుతుంది.

ఆపైన కంకర 2 అంగుళాలే పరవండి. మందం ఎక్కువైతే చక్రం దిగబడుతుంది. గుండ్రని గులకరాళ్ళు జారిపోతవి. కొట్టిన కంకర ఒకదానినొకటి పట్టుకొని నిలుస్తుంది.

"సిమెంటు వేయరాదా?" అన్నాడు మా చిన్నవాడు. వేయవచ్చును. కాని అడుగు సరిగా లేకుంటే రేగడి సిమెంటునూ పగులగొడుతుంది. పైగా నీటికి కటకటలాడే ఊరు మనది. వాకిట పడిన వానను కొంతైనా నేలకు ఇంకనీయవద్దా?

ఈ పని వేసవిలోనే ముగించుకొనండి. మనకు సెప్టెంబరు వానలే పెద్దవి. మొన్నటి సెప్టెంబరులో జోరువానలో బీము బండి వచ్చి, ఎక్కడా ఆగక షెడ్డు దాకా పోయినది. అత్తగారు తలయెత్తి చూచి, మళ్ళీ కండెలు చుట్టుకొన్నారు. మా యింట అంతకు మించిన మెప్పు లేదు.