రెండు నిమిషాలు ఎవరివి?

మారేడ్‌పల్లిలో మీ వీధి చివర ఉన్న కిరాణా కొట్టు ముందు ఒక్కసారి నిలబడి చూడండి. పక్కపక్కనే రెండు రకాల పొట్లాలు కనిపిస్తాయి. ఒకటి సేమియా, రెండోది నూడుల్స్. రెండూ గోధుమ పోగులే. పొట్లాల రూపంలో రెండూ మన ఇళ్ళకు అలవాటైంది 1980ల నుంచే. సేమియాను దేశమంతటా అమ్మిన బాంబినో కంపెనీ మన సికింద్రాబాదుదే. మ్యాగీ నూడుల్స్ కూడా ఆ దశాబ్దంలోనే మన దేశంలో అడుగుపెట్టాయి.

అయినా బడి నుంచి ఆకలితో వచ్చిన మిమ్మల్ని "ఏం చేసుకుంటారు?" అని అడిగితే సేమియా ఉప్మా అనే వాళ్ళు ఎందరు? "అబ్బో, దానికి బోలెడంత టైం పడుతుంది. నూడుల్స్ అయితే రెండే నిమిషాలు!" అంటారు. సరే, సైన్సు చదువుకునేవాళ్ళం గదా, లెక్క సరిచూడకుండా ఎందుకు ఒప్పుకోవాలి?

పోగులు ఉడకడమంటే ఏమిటి? గోధుమలోని పిండిపదార్థం సన్నసన్నని రేణువులుగా ఉంటుంది. నీళ్ళు తగిలి, వేడి సుమారు 60 డిగ్రీల సెంటిగ్రేడ్ దాటితే ఆ రేణువులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, మెత్తబడతాయి. ఇదే ఉడకడం. ఇది నూడుల్స్‌కు మీ పొయ్యి మీద జరగదు, ఫ్యాక్టరీలోనే జరిగిపోతుంది. అక్కడ పోగులను ముందు ఆవిరి మీద ఉడికిస్తారు, తరువాత కాగే నూనెలో వేయిస్తారు. నూనె వేడికి లోపలి నీరు ఆవిరై తోసుకుని బయటికి పోతుంది. అది పోయిన చోట కంటికి ఆనని రంధ్రాలు మిగులుతాయి. మీరు వేడినీళ్ళు పోయగానే ఆ రంధ్రాల్లోంచి నీరు చకచకా లోపలికి పోతుంది. జపానులో మొమొఫుకు అండో ఈ ఉపాయంతో మొదటి నూడుల్స్ పొట్లాన్ని 1958లో అమ్మకానికి పెట్టాడు. యుద్ధానంతరం తిండికి కటకటలాడిన దేశంలో అది గొప్ప ఆలోచనే. కాదనను.

కాని చూశారా, ఆ రెండు నిమిషాలు మీవి కావు. వంటలో పెద్ద భాగం ఇంకెవరో ముందే చేసిపెట్టారు. ఆ పనికి మనం రెండు రకాలుగా ఖరీదు చెల్లిస్తున్నాం. మొదటిది నూనె. అలా వేయించిన పోగుల బరువులో సుమారు 15 నుంచి 20 శాతం కొవ్వే ఉంటుంది. నమ్మకం లేకపోతే ఒక నూడుల్స్ ముక్కను, కాస్త సేమియాను వేరువేరుగా నలిపి, తెల్లకాగితం మడతల్లో పెట్టి, మీద వేడి గిన్నె ఉంచండి. కాసేపటికి కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూడండి. ఏ మరక గుండా వెలుతురు కనిపిస్తుందో మీకే తెలుస్తుంది.

రెండోది ఉప్పు. నా అసలు బాధ ఇదే. పొట్లం వెనక సన్నటి అక్షరాల్లో సోడియం ఎన్ని మిల్లీగ్రాములో ఉంటుంది. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. 800 మిల్లీగ్రాముల సోడియం ఉందనుకోండి, అంటే 2 గ్రాముల ఉప్పు. పెద్దవాళ్ళకు సైతం రోజు మొత్తానికి 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మారేడ్‌పల్లికి ఎంతో దూరం లేని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మాట కూడా అదే. (ఆ సంస్థ కూనూరు నుంచి హైదరాబాదుకు తరలి వచ్చింది కూడా 1958లోనే. యాదృచ్ఛికమే అయినా ముచ్చటగా లేదూ?) ఇంట్లో పప్పు, పచ్చడి, అప్పడం ఎటూ ఉంటాయి. ఆ పైన సాయంత్రం ఒక్క గిన్నెలో మరో 2 గ్రాములు! ఉప్పు అలవాటు నాలుకకు చిన్నప్పుడే పడుతుంది. రక్తపోటు మాత్రం నెమ్మదిగా, ఏ నొప్పీ లేకుండా వస్తుంది.

2015 జూన్‌లో మ్యాగీని దేశమంతటా ఆపించారు. పరీక్షలు చేసిన ప్రయోగశాలలకు తగిన గుర్తింపు లేదంటూ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. నవంబరులో మళ్ళీ అమ్మకాలు మొదలయ్యాయి. ఆ గొడవంతా సీసం చుట్టూ, మోనోసోడియం గ్లుటమేట్ చుట్టూ తిరిగింది. అచ్చు వేసి మరీ చెప్పిన ఉప్పు సంగతి వెనకబడింది. ఆ గ్లుటమేట్‌ను చూసి హడలిపోనక్కరలేదు. జపాను శాస్త్రజ్ఞుడు ఇకెడా 1908లో సముద్రపు నాచు నుంచి దాన్ని వేరుచేశాడు. పండిన టమాటాలో అది సహజంగానే ఉంటుంది.

ఇక సేమియా ఉప్మాకు వద్దాం. ఇద్దరికి ఒక గ్లాసు సేమియా, రెండు గ్లాసులకు కాస్త తక్కువగా నీళ్ళు. ఒక పొయ్యి మీద నీళ్ళు పెట్టి, రెండో పొయ్యి మీద చెంచాడు నూనెలో సేమియాను దోరగా వేయించండి. వేయించడం రంగు కోసమే కాదు. వేడికి పోగుల పైపొర గట్టిపడుతుంది, నూనె పలచగా అంటుకుంటుంది. అందుకే ఉడికాక ముద్ద కట్టదు. ఆ బంగారు రంగు, కమ్మని వాసన మాంసకృత్తులూ చక్కెరలూ వేడిలో కలిసి జరిపే చర్య. 1912లో దాన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడి పేరుతో మెయిలార్డ్ చర్య అంటారు.

సేమియా తీసి పక్కన పెట్టి, అదే మూకుడులో ఆవాలు, మినప్పప్పు, గుప్పెడు పల్లీలు, పచ్చిమిర్చి, కరివేపాకు, ఉల్లిపాయ వేసి, తరువాత టమాటా, క్యారెట్, బఠాణీ వేయండి. ఆవాలు చిటపటలాడేటప్పుడు ముఖం దూరంగా పెట్టండి. గింజలో చిక్కిన నీరు ఆవిరై పేలుతుంది మరి. మొదటిసారి పెద్దవాళ్ళెవరైనా పక్కన ఉండాలి. కూరలు మగ్గాక మరిగిన నీళ్ళు, అర చెంచా ఉప్పు, సేమియా వేసి మూడు నాలుగు నిమిషాలు సన్నమంట మీద ఉంచితే చాలు. తరువాత పొయ్యి కట్టేసి మూత పెట్టండి. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న మన ఊళ్ళో నీరు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఉడకడానికి 60 దాటితే చాలు గనుక మూత కింద మిగతా పని ఆ వేడే చేసుకుపోతుంది. గ్యాసూ ఆదా.

కూరలు తరిగి ఉంటే అంతా కలిపి పన్నెండు నిమిషాలు. నూడుల్స్‌కు నీళ్ళు కాగేందుకు పట్టే సమయాన్ని కూడా గడియారం పెట్టి కొలవండి, తేడా ఎంతో తేలుతుంది. "ఉప్మాలో మాత్రం ఉప్పు లేదా?" అంటారు. ఉంది. మనిషికి సుమారు గ్రామున్నర. కాని ఆ చెంచా మీ చేతిలో ఉంది, రేపు పావు చెంచాకు దింపవచ్చు. నూడుల్సే కావాలని మనసైన రోజున మసాలా పొట్లంలో సగమే వేయండి, కూరలు దండిగా వేయండి. అది కూడా నాకు సమ్మతమే.

ఇంకొక మాట. "వంట అక్క చూసుకుంటుందిలే" అని మూకుడు ముట్టుకోని తమ్ముళ్ళు చాలామంది ఉన్నారు. ఆకలి అక్కకూ తమ్ముడికీ ఒకే రకంగా వేస్తుంది గదా! ఎనిమిదో తరగతికి వచ్చిన ప్రతి అబ్బాయికీ, అమ్మాయికీ ఈ పన్నెండు నిమిషాల వంట వచ్చి తీరాలని నా అభిప్రాయం.

సేమియాలో లోపం లేకపోలేదు. పొట్టు తీసిన గోధుమతో చేసేది గనుక పీచు తక్కువ. కూరలు ఎక్కువ వేయమన్నది అందుకే. ఇప్పుడు జొన్న, రాగి సేమియాలు కూడా దొరుకుతున్నాయి. రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థ వీటి తయారీపై చాలా కృషి చేసింది. జొన్నలో, రాగిలో గోధుమకున్న గ్లుటెన్ ఉండదు, పోగును సాగదీసి పట్టి ఉంచేది అదే. అందుకని కొందరు తయారీదారులు గోధుమ కలుపుతారు. ఎంత కలిపారో పొట్లం వెనక చదివి కొనండి. గోధుమ తక్కువైతే పోగులు తొందరగా విరుగుతాయి, నీళ్ళ కొలతా మారుతుంది. మొదట గుప్పెడు మాత్రమే వండి చూసుకోండి.