నిందకంటె పరీక్ష మేలు

"క్రొత్త యొక వింత, పాత యొక రోత" అను సామెత తెలుగునాట చిరకాలమునుండి వాడుకలో నున్నది. క్రొత్త వస్తువును చూచినంతనే మనుష్యునకు దానియందు నమ్మకము కలుగును. పాతది చెడిపోవుట సహజమనియు, క్రొత్తది చెడియుండుట అసాధ్యమనియు అతడు తలచును. ఈ నమ్మకము చాలసార్లు హాని చేయదు. కాని కంప్యూటరు వంటి యంత్రము చెడిపోయి, దానిలోని ఒక భాగమును తీసి క్రొత్తది అమర్చిన పిదప కూడ అది పనిచేయనప్పుడు, ఈ నమ్మకమే మనుష్యుని త్రోవ తప్పించును.

ఒక కుటుంబమువారు తమ కంప్యూటరులోని మదర్‌బోర్డు చెడినదని తెలిసి, కొంతకాలము డబ్బు కూడబెట్టి క్రొత్త బోర్డు కొన్నారని ఊహింపవచ్చును. బోర్డును బిగించిరి, మీట నొక్కిరి. ఫ్యాను తిరిగినది, తెర మాత్రము నల్లగానే యున్నది. అప్పుడు ఆ యింట రెండు అభిప్రాయములు పుట్టును. "బోర్డు క్రొత్తది గదా, దానిలో లోపముండదు, మరియేదో చెడినది" అని ఒకరందురు. "అంగడివాడు పనికిరాని సరకు అంటగట్టినాడు" అని మరియొకరందురు. మొదటివారు పరీక్షింపకయే బోర్డును నిర్దోషి యనిరి. రెండవవారు పరీక్షింపకయే ఒక మనుష్యుని దోషి యనిరి. రెండును తొందరపాటు తీర్పులే. యంత్రమునందలి లోపమును వెదకుట న్యాయవిచారణ వంటిది. సాక్ష్యమును విననిదే తీర్పు చెప్పరాదు.

మదర్‌బోర్డు విషయమున ఈ జాగ్రత్త మరింత అవసరము. అది కంప్యూటరులోని భాగములన్నిటిని కలుపు పెద్ద పలక. లెక్కలు చేయు ప్రాసెసరు దానిమీదనే కూర్చుండును. మెమరీ పట్టీలు దాని గాడులలోనే నిలుచును. హార్డ్ డిస్కు, తెర, కీబోర్డు మొదలగునవి దానితోనే సంబంధము కలిగియుండును. పవర్ సప్లై నుండి వచ్చు విద్యుత్తు ఆ బోర్డు ద్వారానే ప్రాసెసరునకును మెమరీకిని చేరును. ఊరి నడుమ నాలుగు బాటలు కలియు కూడలి ఎట్టిదో, కంప్యూటరులో మదర్‌బోర్డు అట్టిది. ఏ బాటలో బండి ఆగినను కూడలిలో బండ్లు నిలిచిపోవును. అట్లే ఏ భాగము చెడినను లోపము మదర్‌బోర్డుదే యని తోచును.

క్రొత్త బోర్డు చెడియుండుట అసాధ్యము కాదు. ఒక్కొక్క బోర్డుమీద వందలకొలది చిన్న భాగములును, వేలకొలది అతుకులును ఉండును. వాటిలో ముఖ్యమైన అతుకు ఒక్కటి సరిగా పట్టకపోయినను బోర్డు మూగపోవచ్చును. ఎలక్ట్రానిక్ వస్తువుల మన్నికను పరిశీలించిన ఇంజనీర్లు ఒక సంగతిని గమనించిరి. అట్టి వస్తువులు వాడుకలోనికి వచ్చిన తొలిదినములలో కొంత ఎక్కువగా చెడును. ఆ గండము గడచినవి చిరకాలము నిలకడగా పనిచేయును. ముదిమి వచ్చిన పిదప మరల ఎక్కువగా చెడును. ఈ మార్పును గీతగా గీసినచో స్నానపు తొట్టి యాకారము వచ్చును గనుక ఆ గీతకు తొట్టి పేరే పెట్టిరి. కనుక క్రొత్తదనము మంచితనమునకు హామీ కాదు.

ఇందుకు చరిత్రలో గొప్ప నిదర్శనము కలదు. 2011వ సంవత్సరము జనవరి 31వ తేదీన ఇంటెల్ సంస్థ స్వయముగా ఒక ప్రకటన చేసెను. తాము క్రొత్తగా విడుదల చేసిన 6 సిరీస్ చిప్‌సెట్‌లో రూపకల్పన దోషము కలదని అందు తెలిపెను. ఆ చిప్‌సెట్ అమర్చిన మదర్‌బోర్డులలో హార్డ్ డిస్కులను కలుపు కొన్ని సాటా ద్వారములు కాలక్రమమున బలహీనపడగలవని తేలినది. ఆ సరకును బాగుచేసి మార్చియిచ్చుటకు సుమారు 70 కోట్ల డాలర్లు ఖర్చగునని సంస్థ అంచనా వేసెను. అట్టి బోర్డు కొన్నవాడు తన డిస్కు సరిగా పనిచేయకుండుట చూచి, "బోర్డు క్రొత్తది గదా" యని డిస్కులనే మార్చుచు పోయినచో అతని ధనమంతయు వ్యర్థమే. లోపము పాత డిస్కులో లేదు. క్రొత్త బోర్డులో నున్నది.

ఐనను పనిచేయని ప్రతి క్రొత్త బోర్డును చెడినదని చెప్పరాదు. ఇందుకును నిదర్శనము కలదు. బి450 రకపు బోర్డులు 2018లో వెలువడినవి. 2020 నవంబరులో ఏఎండీ సంస్థ రైజెన్ 5000 తరగతి ప్రాసెసర్లను విడుదల చేసెను. వాటిని బి450 బోర్డులలో వాడవచ్చును. కాని బోర్డులోని బయోస్ అను మూల ప్రోగ్రాము ఆ ప్రాసెసర్లను గుర్తించునట్లు మార్పబడియుండవలెను. అంగడిలో చాలకాలము నిలువయున్న బోర్డునందు పాత బయోసే యుండును. అట్టి బోర్డులో క్రొత్త ప్రాసెసరు నుంచినచో తెర వెలుగదు. బోర్డు మంచిదే, ప్రాసెసరు మంచిదే. ఒకదానికి మరియొకదానితో పరిచయము లేదు, అంతియే. బయోస్‌ను మార్చినంతనే రెండును చక్కగా పనిచేయును.

అమర్చువారి పొరపాటులు కూడ తక్కువవి కావు. కేబినెట్ గోడకు బోర్డు తగులకుండ ఎత్తిపట్టు చిన్న ఇత్తడి స్టాండులు కలవు. పాత బోర్డునకు సరిపోయిన స్టాండు ఒకటి క్రొత్త బోర్డు వెనుక రంధ్రము లేని చోట నిలిచినచో, అది అతుకులను తాకి షార్ట్ సర్క్యూట్ కలిగించును. ప్రాసెసరునకు ప్రత్యేకముగా 12 వోల్టుల విద్యుత్తు నిచ్చు తీగను తగిలించుట మరచినచో, ఫ్యానులు తిరుగవచ్చును గాని ప్రాసెసరు మేల్కొనదు. మెమరీ పట్టీ గాడిలో సగమే దిగినను తెర నల్లగానే యుండును. ఇట్టి పొరపాటులు చేసి బోర్డును నిందించుట "ఆడలేక మద్దెల ఓడు" అన్నట్లుండును.

మరి లోపమును కనుగొను మార్గమేది? మొదట వేయవలసిన ప్రశ్న క్రొత్త బోర్డును గూర్చినది కాదు. పాత బోర్డు ఎందుకు చెడినది అనునదే మొదటి ప్రశ్న. పవర్ సప్లై లోపమువలన పాత బోర్డు చెడియుండినచో, అదే పవర్ సప్లై క్రొత్త బోర్డును కూడ చెరుపగలదు. పాము పుట్టలోనే యుండగా క్రొత్త కోడిపిల్లను తెచ్చి అక్కడనే విడిచినట్లగును. కనుక బాగుగా పనిచేయునని తెలిసిన వేరొక పవర్ సప్లైతో పరీక్షించుట మేలు. ఈ పనులను విద్యార్థులు పెద్దల యెదుటనే చేయవలెను. పవర్ సప్లై పెట్టెను మాత్రము ఎవరును ఇంటిలో విప్పరాదు. గోడనుండి తీగ ఊడదీసిన పిదప కూడ దానిలోని కెపాసిటర్లలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును.

పిమ్మట బోర్డును కేబినెట్‌నుండి తీసి, పొడిగానున్న అట్టపెట్టెమీద ఉంచవలెను. దానికి ప్రాసెసరును, దానిని చల్లబరచు ఫ్యానును, ఒకే మెమరీ పట్టీని, తెరను మాత్రమే కలుపవలెను. ప్రాసెసరులో చిత్రములు చూపు శక్తి లేనిచో గ్రాఫిక్స్ కార్డు కూడ కావలెను. తక్కినవన్నియు తీసివేయవలెను. మీట నొక్కగానే కంప్యూటరు తన భాగములను తానే పరీక్షించుకొనును. ఆ పరీక్షలో ఏది తప్పినదో తెలుపుటకు కొన్ని బోర్డులు కూతలు కూయును. కొన్ని చిన్న దీపములు వెలిగించును. ప్రాసెసరు, మెమరీ, చిత్రము, డిస్కు అను నాలుగింటికి వేరువేరు దీపములు గల బోర్డులును కలవు. వెలిగిన దీపము లోపమును సూటిగా చూపకపోయినను, వెదకవలసిన దిక్కును చూపును.

ఇక ముఖ్యమైన నియమము ఒకటి కలదు. ఒకసారి ఒక్కదానినే మార్చవలెను. మెమరీని, పవర్ సప్లైని, తీగలను ఒక్కసారిగా మార్చి యంత్రము పనిచేసినదని సంతోషించువానికి, ఏ మార్పువలన పనిచేసినదో తెలియదు. మంచి వస్తువులను కూడ అతడు చెడ్డవాటితో కలిపి పారవేయును. ఒక్కదానిని మార్చి, ఫలితమును చూచి, పిదపనే రెండవదానిని తాకువానికి ప్రతి అడుగునను ఒక సాక్ష్యము లభించును.

ఆ సాక్ష్యమును వ్రాసియుంచుట మరచిపోరాదు. 1947 సెప్టెంబరు 9వ తేదీన, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున నిర్మింపబడిన మార్క్ 2 కంప్యూటరు సరిగా పనిచేయలేదు. అచటి పనివారు యంత్రమునంతటిని వెదకి, 70వ సంఖ్య గల రిలేలో ఒక రెక్కలపురుగు చిక్కుకొనియుండుట చూచిరి. దానిని తీసి, ఆనాటి పని నమోదు చేయు పుస్తకములోనే అంటించి, దొరికిన చోటును వ్రాసియుంచిరి. ఆ యంత్రముతో పనిచేసిన గ్రేస్ హాపర్ అను విదుషి ఆ సంగతిని తరువాతి కాలమున లోకప్రసిద్ధము చేసెను. ఆ పుస్తకము అమెరికా జాతీయ చరిత్ర ప్రదర్శనశాలలో భద్రపరుపబడినది. యంత్రము మూలబడినది, పురుగు ఎండిపోయినది, వ్రాత నిలిచినది.

ఇంటిలోని చిన్న యంత్రమునకు ఇంత శ్రమ ఎందుకని కొందరు అడుగవచ్చును. మరమ్మతు చేయువారికి దినమునకు ఎన్నో యంత్రములు వచ్చును. ఒక్కొక్కదానికి ఇంత కాలము వెచ్చించినచో వారి కడుపు నిండదు. అన్నిటిని మార్చివేయుటయే సులభమని వారనుట పూర్తిగా అసత్యము కాదు. కాని ఆ సులభమార్గమునకు అయ్యెడు ఖర్చును భరించువాడు వేరొకడు. అవసరము లేని భాగమునకు డబ్బు చెల్లించునది సామాన్య కుటుంబము. మంచి బోర్డు పారవేయబడినచో అది ఎలక్ట్రానిక్ వ్యర్థముల కుప్పలో చేరును. అట్టి వ్యర్థములను గూర్చి భారత ప్రభుత్వము 2022లో క్రొత్త నియమములు చేసి, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి తెచ్చినది. వ్యర్థమును చక్కగా సేకరించుట మంచిదే. మంచి వస్తువును వ్యర్థము కానీయకుండుట అంతకంటె మంచిది.

ఇందు మనుష్యుల మర్యాదకు సంబంధించిన సంగతియు కలదు. నేటి బోర్డులలో కొన్నిటికి ప్రాసెసరు కూర్చుండు చోట సన్నని పిన్నులుండును. ఎల్‌జీఏ 1700 అను సాకెట్టులో అవి 1700 కలవు. వ్రేలు తగిలినను అవి వంగిపోవును. బోర్డును తిరిగి తెచ్చినప్పుడు పిన్ను వంగియున్నచో, "మీరే వంచితిరి" అని అంగడివాడును, "వంగినదే ఇచ్చితివి" అని కొన్నవాడును వాదించుకొందురు. కొన్న వెంటనే, ప్రాసెసరును ఉంచకముందే, ఇరువురి యెదుట సాకెట్టును చూచి ఫొటో తీసినచో ఆ జగడమే పుట్టదు. కొన్నవాడు తన పొరపాటును దాచి బోర్డును మార్చుమనుట ఎంత తప్పో, అమ్మినవాడు పరీక్షింపకయే కొన్నవానిని అబద్ధీకుడనుట అంత తప్పు.

చట్టము కూడ ఈ మాటనే బలపరచుచున్నది. వినియోగదారుల రక్షణకు 1986లో చేయబడిన చట్టము స్థానమున 2019లో క్రొత్త చట్టము చేయబడి, 2020 జూలైలో అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము లోపముగల వస్తువును మార్చియిమ్మనిగాని, వెల తిరిగి ఇమ్మనిగాని జిల్లా కమిషన్ ఆజ్ఞాపింపవచ్చును. కాని తగిన పరీక్ష లేనిదే లోపము తేలని వస్తువైనచో, దానిని ప్రయోగశాలకు పంపి నివేదిక తెప్పించుకొనవలెనని ఆ చట్టమే నిర్దేశించుచున్నది. తీర్పు చెప్పు అధికారము గలవారే పరీక్షకొరకు ఆగుచుండగా, ఇంటిలో నున్నవారు మీట నొక్కిన నిమిషములోనే తీర్పు చెప్పుట తగునా?

తెల్లనివన్నియు పాలు కావు. నల్లనివన్నియు నీళ్ళు కావు. క్రొత్త బోర్డులన్నియు మంచివి కావు. వెలుగని బోర్డులన్నియు చెడ్డవి కావు. నిదానముగా పరీక్షించినవాడు ఒక్కొక్కప్పుడు బోర్డునే చెడినదిగా కనుగొనును. అప్పుడు అతని చేతిలో వ్రాసిన కాగితముండును. అతని మాటను అంగడివాడు త్రోసివేయలేడు. ఒక్కొక్కప్పుడు తాను తగిలింపని తీగను కనుగొనును. అప్పుడు అతని డబ్బు మిగులును. ఒక నిరపరాధి నింద పడకుండ తప్పించుకొనును. కావున క్రొత్త భాగము పనిచేయనప్పుడు "మోసము చేసినదెవరు?" అని అడుగుటకు ముందు "ఇంతవరకు పరీక్షించినదేది, పరీక్షింపనిదేది?" అని అడుగుట విద్యార్థులు అలవరచుకొనదగిన గుణము.