"నేను పోయినంక వీన్నెవరు జూస్తరు?"

మొన్న చింతకాయ తొక్కు నూరుతుంటే అత్తమ్మ ఉన్నట్టుండి అడిగింది. "నేను పోయినంక చిన్నోన్ని ఎవరు జూస్తరు బిడ్డా?"

"నేను లేనా అత్తమ్మా" అన్నాను. అనేశాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను చెప్పింది నిజం కాదు మరి.

అత్తమ్మకు 74. మా మరిదికి 41. చిన్నప్పటి నుంచీ బుద్ధి ఎదుగుదల తక్కువ, పైగా ఫిట్స్. వచ్చినప్పుడు పట్టుకోవడానికి ఇద్దరం కావాలి. నాకు 48, మోకాళ్ళు ఇప్పుడే మొరాయిస్తున్నాయి. నా తర్వాత ఎవరు? రేపు మా ఇంటికి రాబోయే కోడలా? ఆ పిల్లను అడగకుండానే ఆమె పేరు రాసేసుకున్నామా?

"ఇంట్లోవాళ్ళే చూసుకోవాలి, పరాయివాళ్ళ చేతుల్లో పెడతారా" అని చుట్టాలు అంటారు. వాళ్ళను ఒకటే అడుగుతాను. ఆ ఇంట్లోవాళ్ళెవరో పేరు పెట్టి చెప్పండి. నాకు తెలిసిన ప్రతి ఇంట్లో అది ఒక్క ఆడమనిషే. వనపర్తిలో మా పిన్ని కూతురు పదేళ్ళుగా పుట్టింట్లో ఒక్క రాత్రి పడుకోలేదు, పాతికేళ్ళ బిడ్డను వదిలి వెళ్ళలేక. నాగర్‌కర్నూల్ దగ్గర మాకు తెలిసినవాళ్ళు మనసు బాగోలేని తమ్ముణ్ణి లోపల పెట్టి, బయట గొళ్ళెం వేసి కూలికి పోతారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. పోకపోతే పొయ్యి వెలగదు.

ఇంకో దారి లేదా అని వెతికితే అందరూ హైదరాబాదు వైపే చెయ్యి చూపించారు. వెళ్ళి ఒక హాస్టల్ చూశాం. ముప్పై మంచాలు, అందరికీ ఒకే రంగు బట్టలు, గేటుకు బయటి నుంచి తాళం. మరిది నా కొంగు పట్టుకుని "ఇంటికి పోదాం" అన్నాడు. గద్వాలలో అతను రోజూ పొద్దున్నే కోట దగ్గరి హోటల్‌కు ఒక్కడే నడిచి వెళ్ళి చాయ్ తాగి వస్తాడు. చిల్లర లెక్క తెలియదు, హోటలాయన చూసుకుంటాడు. దారి తప్పితే ఎవరో ఒకరు ఇంటికి తెస్తారు. అతనికి దన్ను ఈ ఊరే. ఊరి నుంచి తెంచి, ఎంత మంచి భవనంలో పెట్టినా ఏం లాభం?

తాళాల సంగతి మనకు తెలియనిది కాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసిన 28 మంది పారిపోలేక కాలిపోయారు.

అదే తమిళనాడులో బాన్యన్ అనే సంస్థ 'హోమ్ ఎగైన్' పేరుతో వేరే దారి పట్టింది. మామూలు వీధుల్లో ఇళ్ళు అద్దెకు తీసుకుని నలుగురైదుగురిని కలిపి ఉంచుతారు, సాయానికి జీతమిచ్చి మనుషులను పెడతారు. ఇంట్లో వంట ఉంటుంది, పక్కింటివాళ్ళు ఉంటారు. నేనడిగేది అదే.

ఇది దయ కాదు, హక్కు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఐదో సెక్షన్ వీళ్ళకు సమాజంలో అందరిలా బతికే హక్కు ఇచ్చింది. ఫలానా చోటే ఉండాలని ఎవరూ బలవంతపెట్టకూడదంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం గ్రూప్ హోమ్‌ల మాట పేరు పెట్టి చెప్పింది. నేషనల్ ట్రస్టు 'ఘరౌందా' అని పెద్దవాళ్ళ కోసం ఒక పథకమే పెట్టింది. చట్టాలకు కొదవ లేదు. కొదవ మన వీధిలో ఇంటికే.

"డబ్బెక్కడిది?" అంటారు. 2023 నుంచి మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను నెలకు 4,016. నలుగురిది కలిస్తే 16,064. మా ఊళ్ళో ఇంటద్దెకు, బియ్యం పప్పులకు అది పెద్ద ఆసరా. రాత్రీపగలూ ఉండే సాయం మనుషుల జీతం మాత్రం ప్రభుత్వమే ఇవ్వాలి. ఇన్నేళ్ళూ ఆ పని జీతం లేకుండా చేసింది మేమే కదా!

ప్రభుత్వాన్నే కాదు, మనల్నీ అంటాను. తల్లి పోయిన పదకొండో రోజున వెతికే ఇల్లు ఇల్లు కాదు. ఆమె ఉండగానే మొదలవ్వాలి. మొదట నెలకు రెండు రాత్రులు, తర్వాత వారం. అతనికి అలవాటవుతుంది, ఆమెకు ధైర్యం వస్తుంది.

2016 అక్టోబరు 11 నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ జిల్లాలే. ఎవరి కలెక్టర్ వాళ్ళకున్నారు. సోమవారం ప్రజావాణికి నేను అర్జీ పట్టుకుని వెళ్తున్నాను. ఒక్క ఇంటి అర్జీ కంటే నాలుగిళ్ళ అర్జీకి బరువెక్కువ. మీ ఇంట్లోనూ ఇలాంటి చిన్నోడో చిన్నదో ఉంటే మీరూ రండి.

అత్తమ్మకు నేను మళ్ళీ జవాబు చెప్పాలి. ఈసారి నిజమే చెప్పాలి.